అటకలో హామ్ రేడియో యాంటెన్నా: ముందు ఇంటిని చదవాలి

అమెరికాలో హామ్ లైసెన్సు, అంటే సరదాకు సొంతంగా రేడియోలో మాట్లాడుకునే అనుమతి, తెచ్చుకోవడం పెద్ద కష్టం కాదు. మొదటి మెట్టయిన టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలుంటాయి, 26 సరిగ్గా రాస్తే కాల్‌సైన్, అంటే గాలిలో మన గుర్తింపు పేరు, వస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. డాలస్ శివార్లలో ఫ్రిస్కో అనండి, ప్లేనో అనండి, మన తెలుగువాళ్లు కొనుక్కునే కొత్త కాలనీ ఇళ్లలో చాలావాటికి ఇంటి యజమానుల సంఘం ఉంటుంది. అక్కడివాళ్లు హెచ్‌ఓఏ అంటారు. పెరట్లో స్తంభం నాటొద్దు, కప్పు మీద తీగ కనపడొద్దు అని ఇల్లు కొన్న రోజు సంతకం పెట్టిన కాగితాల్లోనే రాసి ఉంటుంది.

ఈ సందర్భంలో రెండు నిబంధనల పేర్లు తరచూ వినపడతాయి. రెండూ అక్కరకు రావు. డిష్ యాంటెన్నాలను సంఘాలు అడ్డుకోకూడదని అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1996లో తెచ్చిన నియమం టీవీ ప్రసారాలు అందుకునే యాంటెన్నాలకూ, మీటరు లోపు డిష్‌లకూ, ఆ కోవకు చెందిన కొన్ని సేవలకూ వర్తిస్తుంది. హామ్ రేడియోకు వర్తించదు. 1985 నాటి పీఆర్‌బీ-1 ఉత్తర్వు హామ్‌ల కోసమే వచ్చింది. కానీ అది కట్టడి చేసేది నగరపాలక సంస్థల్నీ, స్థానిక ప్రభుత్వాల్నీ. మనం ఇష్టపూర్వకంగా సంతకం పెట్టిన ప్రైవేటు ఒప్పందం జోలికి అది పోదు. ఈ రెండింటినీ నమ్ముకుని స్తంభం లేపి, ఆ తర్వాత సంఘంతో తగవు పెట్టుకోవడం దండగ.

అందుకే చూపు అటక మీదికి మళ్లుతుంది. అక్కడ తీగ కడితే వీధిలోకి కనపడదు, గాలికి తెగదు, వానకు తుప్పు పట్టదు. మరి పనిచేస్తుందా అని అడిగితే జవాబులు పొంతన లేకుండా వస్తాయి. అటకలో తీగ కట్టి ఆస్ట్రేలియాతో మాట్లాడానని ఒకరంటారు. రొద తప్ప ఏమీ వినపడలేదని ఇంకొకరంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరి ఇళ్లూ వేరు, అంతే. ఆరుబయట కట్టిన యాంటెన్నాకు ఇల్లు పొరుగు. అటకలో కట్టినదానికి ఇల్లే ఒక అంగం. గోడల్లో కరెంటు తీగలు, ఏసీ గొట్టాలు, చూరు వెంబడి అల్యూమినియం గటర్లు అన్నీ ఆ యాంటెన్నాతో కలిసే పనిచేస్తాయి. కాబట్టి ఏ యాంటెన్నా కొనాలన్నది చివరి ప్రశ్న. మొదట తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి: కప్పు సిగ్నల్‌ని బయటికి పోనిస్తుందా, ఆ ఎత్తు ఏ బ్యాండుకు (హామ్‌లకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల పట్టీకి) సరిపోతుంది, ఇంట్లో విద్యుత్ రొద ఎంత. కొత్తగా వచ్చినవాళ్లు మొదటిదాని గురించే దిగులు పడతారు. చాలా ఇళ్లలో తీర్పు చెప్పేది మూడోది.

కప్పు అడ్డమా, కాదా

అమెరికాలో మామూలు ఇల్లు చెక్క చట్రం మీద కడతారు. వాసాల మీద ప్లైవుడ్ లాంటి చెక్క పలకలు, వాటి మీద తారు పూసిన షింగిల్స్. హెచ్‌ఎఫ్ బ్యాండ్లలో, అంటే 30 మెగాహెర్ట్జ్ లోపు, ఇలాంటి కప్పు వల్ల కలిగే నష్టం లెక్కలోకి రాదు. వాన పడి తడిసినప్పుడు రెజొనెన్స్, అంటే తీగ సహజంగా స్పందించే ఫ్రీక్వెన్సీ, కొంచెం కిందికి జరగవచ్చు. ఆరాక మళ్లీ మామూలే. మన ఊళ్లలో ఇప్పుడు కడుతున్న ఆర్‌సీసీ స్లాబుకు ఈ గుణం లేదు, లోపలంతా ఇనుప ఊచల వల. అందుకే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో హామ్‌లు డాబా మీదికే పోతారు. పాత మంగుళూరు పెంకుల ఇళ్లది మాత్రం అమెరికా ఇంటి కోవే. చెక్క వాసాలు, మట్టి పెంకులు. పెంకుటింట్లో అటక మీద తీగ కట్టుకునే వీలున్నవాళ్లకు ఇక్కడ చెప్పేదంతా దాదాపు అలాగే వర్తిస్తుంది.

అడ్డుపడేది లోహం. రేకు కప్పు ఉంటే అటక మాట మరిచిపోవచ్చు. టెక్సస్ లాంటి వేడి రాష్ట్రాల్లో కనపడకుండా దెబ్బతీసేది మరొకటుంది. ఎండ వేడిని తిప్పికొట్టడానికి కప్పు పలకల లోపలి వైపు పల్చటి అల్యూమినియం రేకు అతికించి కడతారు. అటకలో లైటు వేసి పైకి చూస్తే వెండిలా మెరుస్తుంది. అది వేడితో పాటు రేడియో తరంగాలనూ తిప్పికొడుతుంది. అలాంటి ఇంట్లో ఎంత మంచి యాంటెన్నా పెట్టినా డబ్బు వృథా. కప్పు మీద సోలార్ పలకలు పరిచి ఉన్నా, గోడల మీద సున్నపు పూత కింద తీగ వల బిగించి ఉన్నా ఆ వైపు నష్టపోతామని అనుకోవాలి.

కళ్లతో చూసి తేల్చుకోలేకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. షార్ట్‌వేవ్ ఉన్న చేతి రేడియో తీసుకుని, కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ నుంచి వచ్చే డబ్ల్యూడబ్ల్యూవీ సమయ ప్రసారం 10 లేదా 15 మెగాహెర్ట్జ్ మీద పట్టండి. పెరట్లో నిలబడి ఒకసారి, వెంటనే అటక ఎక్కి ఒకసారి వినండి. అటకలో ప్రసారం దాదాపు అంతే బలంగా ఉంటే కప్పు పారదర్శకమే. ప్రసారం మాయమై నిశ్శబ్దంగా ఉంటే రేకు ఉన్నట్టు. ప్రసారం ఉంది గానీ దాని మీద గరగరా బుర్రుమనే చప్పుడు కమ్ముకుంటే తప్పు కప్పుది కాదు, ఇంటిది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఎత్తును తరంగదైర్ఘ్యంతో కొలవాలి

రెండంతస్తుల ఇంటి కొప్పు, అంటే కప్పు వాలులు రెండూ కలిసే చోటు, నేల నుంచి సుమారు 7 మీటర్లు ఉంటుందనుకుందాం. ఈ 7 మీటర్లు ఎక్కువా, తక్కువా? బ్యాండు చెప్పకుండా జవాబు చెప్పలేం. బ్యాండును దాని తరంగదైర్ఘ్యం మీటర్లతోనే పిలుస్తారు. అడ్డంగా కట్టిన డైపోల్ (నడుమ నుంచి రెండు కాళ్లుగా చాచిన తీగ యాంటెన్నా) నుంచి నేరుగా పోయే తరంగం, నేల మీద పడి తిరిగొచ్చే తరంగం ఒక కోణంలో కలిసి బలపడతాయి. ఆ కోణం ఎంతన్నది ఎత్తుకూ తరంగదైర్ఘ్యానికీ ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుంది. 10 మీటర్ల బ్యాండులో 7 మీటర్లంటే తరంగదైర్ఘ్యంలో మూడింట రెండు వంతులు. సిగ్నల్ దిగంతం మీద దాదాపు 22 డిగ్రీల్లో పోతుంది. దూరదేశాలకు అది చక్కటి కోణం. 20 మీటర్ల బ్యాండుకు వస్తే అదే ఎత్తు తరంగదైర్ఘ్యంలో మూడో వంతే, కోణం 50 డిగ్రీలకు దగ్గరపడుతుంది. పని నడుస్తుంది గానీ దూరం పోవాలంటే కష్టపడాలి. 40 మీటర్లలో ఆ ఎత్తు ఆరో వంతు. శక్తిలో ఎక్కువ భాగం నెత్తి మీదికి పోయి, రేడియో తరంగాలను తిప్పి పంపే పై వాతావరణపు పొర అయనోమండలం నుంచి చుట్టూ కొన్ని వందల మైళ్లలో పడుతుంది. టెక్సస్ నుంచి ఓక్లహోమాతో, లూజియానాతో పగలు మాట్లాడుకోవడానికి అదీ మంచిదే. డాలస్ నుంచి ఇండియా పట్టాలంటే మాత్రం అటకలోని 40 మీటర్ల తీగ మీద ఆశ పెట్టుకోకూడదు.

ఈ లెక్కలో టెక్నీషియన్లకు ఒక కలిసొచ్చే సంగతి ఉంది. ఆ లైసెన్సుతో హెచ్‌ఎఫ్‌లో మాట్లాడే అనుమతి 10 మీటర్ల బ్యాండులో 28.3 నుంచి 28.5 మెగాహెర్ట్జ్ వరకే ఉంది. అటక బాగా పనిచేసే బ్యాండూ అదే. ఆ డైపోల్ మొత్తం 5 మీటర్లు, ఎంత చిన్న ఇంట్లోనైనా సరిపోతుంది. సూర్యుడి మచ్చల 25వ చక్రం 2024 అక్టోబరులో శిఖరానికి చేరింది. ఈ బ్యాండు దూరం పోవడానికి మచ్చలు ఎక్కువగా ఉండాలి, అవి ఇప్పుడు దిగుతున్నాయి కాబట్టి 10 మీటర్ల బ్యాండు ఖండాలు దాటించే రోజులు ఏడాదికేడాది తగ్గుతాయి. అటకలో మొదటి తీగ కట్టేవాళ్లు ఈ బ్యాండుతోనే మొదలుపెట్టాలని, అదీ ఆలస్యం చేయకుండా మొదలుపెట్టాలని నేను గట్టిగా చెబుతాను.

తీగ ఎలా కట్టాలి

అర తరంగ డైపోల్ పొడవుకు లెక్క సులువు. 143ను మెగాహెర్ట్జ్‌లోని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మీటర్లలో పొడవు వస్తుంది. 28.4కు 5 మీటర్లు, 21.2కు 6.75, 14.2కు 10, 7.15కు 20. దాన్ని రెండు సమాన ముక్కలు చేసి మధ్యలో కోయాక్స్, అంటే రేడియో నుంచి వచ్చే కేబుల్, కలపాలి. అటకలో ఈ లెక్కను కొంచెం సవరించుకోవాలి. తీగ మీది ప్లాస్టిక్ తొడుగు, పక్కనున్న చెక్క, దగ్గర్లోని లోహం రెజొనెన్స్‌ని కిందికి లాగుతాయి. అంటే చివరికి తీగ లెక్కకన్నా కాస్త పొట్టిగానే తేలుతుంది. అందుకే మొదట పొడవుగా కత్తిరించి, కట్టిన చోటే కొలుస్తూ రెండు కొసలూ సమానంగా తగ్గించుకుంటూ రావాలి. పెరట్లో కొలిచి పైకి తీసుకెళ్తే కొలత మారిపోతుంది. యాంటెన్నాను కొలిచే నానోవీఎన్‌ఏ లాంటి చవక పరికరం ఉంటే ఈ పని ఒక పూటలో అయిపోతుంది.

అటకలో 10 మీటర్ల కొప్పు ఉండి 20 మీటర్ల పొడవు తీగ కట్టాలంటే కొసలు వంచక తప్పదు. వంచితే ఏమవుతుందోనన్న బెంగ అక్కర్లేదు. డైపోల్‌లో కరెంటు నడుమ ఎక్కువ, కొసల్లో సున్నా. ప్రసారం చేసేది కరెంటే కాబట్టి తీగలో నడిమి సగమే 70 శాతం పని చేస్తుంది. ఆ నడిమి భాగాన్ని కొప్పు వెంబడి తిన్నగా, వీలైనంత ఎత్తులో, లోహానికి దూరంగా ఉంచితే కొసలు వాసాల వెంట కిందికి దిగినా, పక్కకు తిరిగినా పెద్ద నష్టం లేదు. తీగ కొసను వెనక్కి తిప్పి దాని మీదికే మడవకూడదు, అంతే.

దిక్కు సంగతి ఇల్లే నిర్ణయిస్తుంది. డైపోల్ తన పొడవుకు అడ్డంగా ఎక్కువ, కొసల వైపు తక్కువ ప్రసారం చేస్తుంది. డాలస్ నుంచి హైదరాబాద్‌కు భూగోళం మీద అతి దగ్గరి దారి దాదాపు 14,400 కిలోమీటర్లు. ఆ దారి తూర్పుకో పడమరకో పోదు, దాదాపు సూటిగా ఉత్తరానికి పోయి ధ్రువం పక్క నుంచి దిగుతుంది. న్యూజెర్సీ నుంచి చూస్తే ఉత్తరానికి తూర్పుగా సుమారు 30 డిగ్రీలు, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా నుంచి ఉత్తరానికి పడమరగా 20 డిగ్రీల పైచిలుకు. కాబట్టి ఇండియా వైపు సిగ్నల్ పోవాలంటే కొప్పు తూర్పు పడమరలుగా ఉన్న ఇల్లు అనుకూలం. కొప్పు ఉత్తర దక్షిణాలుగా ఉంటే తీగను ఎల్ ఆకారంలో వంచి ఒక కొమ్మను అడ్డంగా లాగండి, ఉత్తరం వైపు సిగ్నల్ లోటు కొంత పూడుతుంది. ధ్రువం మీదుగా పోయే దారి అయస్కాంత తుఫానులు వచ్చినప్పుడు మూసుకుపోతుంది. ఐరోపా, దక్షిణ అమెరికా హాయిగా వినిపిస్తున్న రోజున కూడా ఇండియా వినిపించకపోవచ్చు. అలాంటి రోజున తప్పును తీగ మీద వేయకండి.

ఒకటికి మించి బ్యాండ్లు కావాలంటే ఒకే కోయాక్స్‌కు రెండు మూడు డైపోల్‌లు సమాంతరంగా కలపవచ్చు. కొసల దగ్గర తీగల మధ్య కనీసం జానెడు ఎడం ఉంచాలి. ఒకదాన్ని కత్తిరిస్తే మరోదాని రెజొనెన్స్ కదులుతుంది కాబట్టి పొడవైన తీగతో మొదలుపెట్టి ఓపిగ్గా సర్దుకోవాలి. ఇంకో దారి, అటక చుట్టూ పట్టినంత పెద్ద లూప్ వేసి, దాని మొదట్లోనే, తీగను రేడియోకు సరిపోల్చే ఆటోమేటిక్ ట్యూనర్ పెట్టడం. ట్యూనర్‌ని రేడియో పక్కన కాకుండా తీగ దగ్గర పెట్టడమే ఇక్కడ కీలకం. రేడియో దగ్గరి ట్యూనర్ రేడియోకు ఊరట ఇస్తుంది గానీ, ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా సరిపోలక సిగ్నల్ ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే కొలత) ఎక్కువగా ఉన్న కోయాక్స్‌లో శక్తి వేడిగా మారడాన్ని ఆపలేదు.

ఒక కొస నుంచి ఫీడ్ ఇచ్చే అర తరంగ తీగలు, 49:1 ట్రాన్స్‌ఫార్మర్‌తో వచ్చేవి, ఈ మధ్య బాగా ప్రచారంలో ఉన్నాయి. ఆరుబయట చెట్టుకు కట్టుకోవడానికి అవి మంచివే. అటకలో నేను వాటిని వద్దంటాను. కరెంటు తిరిగిపోవడానికి సరైన రెండో కాలు లేకపోవడంతో కోయాక్స్ పైతొడుగే ఆ పని చేస్తుంది. ఆ కోయాక్స్ గోడల గుండా ఇంటి నడుమకు దిగుతుంది. అంటే యాంటెన్నాలో ఒక భాగాన్ని మనమే పడగ్గది పక్కకు తెచ్చుకున్నట్టు. డైపోల్‌లో రెండు కాళ్లూ సమానంగా ఉంటాయి కాబట్టి ఈ బెడద తగ్గుతుంది. పూర్తిగా పోదు. ఒక కాలు ఏసీ గొట్టం పక్క నుంచి, రెండోది ఖాళీలో పోతే సమతూకం చెడుతుంది. అందుకే డైపోల్ నడుమ, కోయాక్స్ మొదట్లో, పైతొడుగు మీది కరెంటును అడ్డుకునే చోక్ తప్పనిసరి. 31 రకం ఫెరైట్ రింగు, బయటి వ్యాసం 6 సెంటీమీటర్లది, తీసుకుని సన్నటి కోయాక్స్‌ని దాని గుండా పది పన్నెండు చుట్లు తిప్పితే హెచ్‌ఎఫ్‌కు బాగా సరిపోతుంది. కోయాక్స్ రేడియో గదిలోకి వచ్చే చోట మరో చోక్ వేస్తే ఇంకా మంచిది.

అసలు శత్రువు ఇంట్లోనే

రేడియోలో సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరు మీద ఒక్కో అంకెకు 6 డెసిబెల్‌ల తేడా. అటకలో పెట్టడం వల్ల మన సిగ్నల్ సగానికి పడిపోయిందనుకున్నా అది 3 డెసిబెల్‌లే, అర అంకె. అవతలి వాళ్లు దాన్ని గుర్తు కూడా పట్టరు. అదే అటకలో ఇంటి రొద ఎస్2 నుంచి ఎస్7కు పెరిగితే 30 డెసిబెల్‌లు, శక్తిలో వెయ్యి రెట్లు. ఎస్5తో వచ్చే స్టేషన్ ఆ రొద కింద పూర్తిగా మునిగిపోతుంది. మన మాట ప్రపంచానికి వినిపిస్తూ, ప్రపంచం మాట మనకు వినిపించని స్థితి. కప్పు నష్టం గురించి గంటలు వాదించుకునేవాళ్లు ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడాలి.

రొద ఎక్కడి నుంచి వస్తుంది? ఎల్‌ఈడీ బల్బుల్లోని డ్రైవర్ల నుంచి, ఫోన్ ఛార్జర్ల నుంచి, సోలార్ ఇన్వర్టర్లు, వాటి పలకల కింది ఆప్టిమైజర్ల నుంచి, నెట్‌వర్క్ కేబుళ్ల నుంచి. టెక్సస్‌లో చాలా ఇళ్లకు ఏసీ యంత్రం అటకలోనే ఉంటుంది. వేగం మార్చుకునే మోటారు ఉన్న కొత్త రకమైతే తీగకు రెండు గజాల దూరంలోనే ఒక ప్రసార కేంద్రం ఉన్నట్టు. వీటన్నిటి రొదనూ గోడల్లోని కరెంటు తీగలు ఇల్లంతా మోసుకెళ్తాయి. అటకలో పడగ్గదుల లైట్ల తీగలు దూలాల మీదే పరిచి ఉంటాయి, మన డైపోల్‌కు సమాంతరంగా.

వెతికే పద్ధతి ఒకటే, దానికి దొడ్డిదారి లేదు. రేడియోను బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ బ్రేకర్ ఆపేయాలి. రొద పడిపోతే దోషం మన ఇంట్లోనే. ఒక్కో బ్రేకర్ తిరిగి వేస్తూ, ఎప్పుడు మీటరు లేచిందో రాసుకుంటూ పోవాలి. ఆ సర్క్యూట్‌లో ఒక్కో ప్లగ్గూ పీకి చూడాలి. చాలాసార్లు రొదలో సింహభాగం రెండు మూడు వస్తువులదే అవుతుంది. వాటిని మార్చడమో, వాటి తీగలకు ఫెరైట్ తగిలించడమో చేస్తే సరిపోతుంది. మెయిన్ ఆపినా రొద తగ్గకపోతే అది పొరుగింటిదో, వీధి స్తంభానిదో. అప్పుడు అటక తీగను పంపడానికే ఉంచుకుని, వినడానికి పెరట్లో మొక్కల చాటున చిన్న లూప్ పెట్టుకోవడం మేలు. దాన్ని తిప్పి రొద వచ్చే దిక్కును అణచవచ్చు.

తీగలు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు బెడద రెండు వైపులా ఉంటుంది. మనం ప్రసారం చేసినప్పుడు పొగ అలారాలు మోగవచ్చు, స్పీకర్లలో మాట వినపడవచ్చు, కొత్త ఇళ్లలోని ఏఎఫ్‌సీఐ బ్రేకర్లు పడిపోవచ్చు. తీగల్లో నిప్పురవ్వల లక్షణాల్ని పసిగట్టి కరెంటు ఆపడానికి పెట్టినవి అవి. రేడియో శక్తి లోపలికి వస్తే కొన్ని నమూనాలు దాన్నీ నిప్పురవ్వగా పొరబడతాయి. దీనికి మొదటి మందు శక్తి తగ్గించడం. 100 వాట్ల నుంచి 25కు దిగితే అవతలివాళ్లకు ఒక్క ఎస్ అంకె తగ్గుతుంది. ఇంట్లో గొడవలు చాలావరకు అక్కడితో ఆగిపోతాయి.

కింద పడుకున్నవాళ్ల సంగతి

నన్నడిగితే అటక యాంటెన్నాలో అన్నిటికన్నా శ్రద్ధగా చూడాల్సింది ఇదే, అందరూ దాటేసేదీ ఇదే. రేడియో తరంగాలకు మనుషులు గురికావడంపై ఎఫ్‌సీసీకి పరిమితులున్నాయి. 2021 మే 3 నుంచి అమల్లోకి వచ్చిన మార్పులతో హామ్‌లకు అంతకుముందున్న ప్రత్యేక మినహాయింపు పోయింది. అప్పటికే నడుస్తున్న స్టేషన్లకు 2023 మే 3 వరకు గడువిచ్చారు. ఇప్పుడు ప్రతి హామూ తన స్టేషన్‌ను లెక్కగట్టి చూసుకోవాలి. స్టేషన్ గురించి తెలిసి దగ్గర ఉండే హామ్‌కు ఒక పరిమితి, ఏమీ తెలియని పొరుగువాళ్లకు అంతకన్నా కఠినమైన పరిమితి. ఇంట్లోవాళ్లకు విషయం వివరించి చెబితే నిబంధనలు వాళ్లను మొదటి వర్గంలో లెక్కించనిస్తాయి. అయినా పిల్లలున్న ఇంట్లో కఠినమైన రెండోదాన్నే పాటించాలన్నది నా అభిప్రాయం.

ఆ రెండో పరిమితి 10 మీటర్ల బ్యాండులో చదరపు సెంటీమీటరుకు సుమారు 0.22 మిల్లీవాట్లు, 30 నిమిషాల సగటున. 20 మీటర్లలో 0.9 దాకా ఉండవచ్చు. అంటే పై బ్యాండ్లలోనే జాగ్రత్త ఎక్కువ అవసరం. నేల నుంచి తిరిగొచ్చే తరంగాన్నీ కలుపుకుని ఎఫ్‌సీసీ సూత్రంతో లెక్కిస్తే, డైపోల్‌కు 100 వాట్లిచ్చి ఎఫ్‌టీ8 (కంప్యూటరుతో నడిచే డిజిటల్ పద్ధతి) నడిపితే 10 మీటర్ల బ్యాండులో దాదాపు 2.8 మీటర్ల దూరం ఉండాలి. ఎఫ్‌టీ8 సగం సమయం పూర్తి శక్తితో ప్రసారం చేస్తుంది కనుక అంత దూరం. మామూలుగా మాట్లాడుతూ, సగం సేపు వింటూ ఉంటే సగటు శక్తి బాగా తగ్గి ఒకటింబావు మీటరు సరిపోతుంది. ఎఫ్‌టీ8నే 25 వాట్లతో నడిపితే 2.8 కాస్తా 1.4 అవుతుంది. ఇంత దగ్గరి దూరాల్లో ఈ సూత్రం ఉజ్జాయింపే, అందుకని వచ్చిన అంకెకు కొంచెం కలుపుకోవడం మంచిది.

ఇప్పుడు ఇంటి కొలతలు చూడండి. మంచం మీద పడుకున్న మనిషికీ కొప్పుకూ మధ్య నాలుగు మీటర్ల దూరం తేలిగ్గా ఉంటుంది. తీగ కొసల్ని చూరు వైపు దించితే మాత్రం అవి పడగ్గది సీలింగ్ మీదే తేలతాయి, మంచానికి రెండు మీటర్ల లోపు. కొసల్లో కరెంటు తక్కువైనా విద్యుత్ క్షేత్రం బలంగా ఉండేది అక్కడే. కాబట్టి వంచిన కొసలు గరాజు మీదికో, సామాన్ల గది మీదికో వచ్చేలా తీగను జరపాలి. ఈ ఒక్క నిర్ణయం తీసుకోవడానికైనా కాగితం మీద ఇంటి ప్లాను గీసుకుని, ఏ గది ఎక్కడుందో చూసుకుని, అప్పుడు అటక ఎక్కాలి.

ఆ కొసల వల్ల ఇంకో ప్రమాదమూ ఉంది. 100 వాట్లకే అక్కడ వోల్టేజీ వందల్లో ఉంటుంది. కొసలకు ఇన్సులేటర్లు పెట్టి, పురికొసతోనో నైలాన్ తాడుతోనో లాగి కట్టాలి. కొస చెక్కకు గానీ, కరెంటు తీగకు గానీ, రేకు చుట్టిన ఏసీ గొట్టానికి గానీ ఆనకూడదు. వందల వాట్ల యాంప్లిఫయర్లకు అటక తగిన చోటు కాదు. మెరుపుల వేళ కోయాక్స్ పీకేయడం అటకకూ వర్తిస్తుంది. పిడుగు నేరుగా పడకపోయినా దగ్గర్లో పడితే ఆ తీగలోకి వోల్టేజీ దూకుతుంది.

ఇక పైకెక్కడం. టెక్సస్ వేసవిలో మధ్యాహ్నం అటక లోపల 55 డిగ్రీలు దాటుతుంది, వడదెబ్బ తగలడానికి ఎక్కువసేపు పట్టదు. ఈ పని చలికాలంలో పెట్టుకోవాలి, లేదా తెల్లవారుజామున. అడుగు దూలాల మీదే వేయాలి. మధ్యలో ఉన్నది పల్చటి డ్రైవాల్, మనిషి బరువు ఆగదు. నెత్తి మీద షింగిల్స్ మేకుల మొనలు బయటికి పొడుచుకుని ఉంటాయి. వేడి ఆపడానికి పరిచిన గాజు నూలు దూది చర్మానికీ ఊపిరితిత్తులకూ మంచిది కాదు, మాస్కు, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా కావాలి. బాగా పాత ఇంట్లో బూడిదరంగు గుళికల్లా మెరిసే వర్మిక్యులైట్ పరిచి ఉంటే దాన్ని కదపకుండా దిగిపోండి, అందులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది.

ఊళ్లో మాట్లాడుకోవడానికి

2 మీటర్లు, 70 సెంటీమీటర్ల బ్యాండ్లలో ఊళ్లోని రిపీటర్లతో (మన సిగ్నల్‌ని అందుకుని మళ్లీ దూరానికి పంపే స్టేషన్లతో) మాట్లాడటానికి అటకలో ఇంత కసరత్తు అవసరం లేదు. ఫ్లాట్ రకం ట్విన్ లీడ్ తీగతో చేసిన జె-పోల్ యాంటెన్నా ఒకటి, మీటరున్నర పొడవు, కొప్పు నుంచి నిలువుగా వేలాడదీస్తే చాలు. నిలువుగా ఉండటమే ముఖ్యం, రిపీటర్ల యాంటెన్నాలు నిలువువే కనుక. డబ్బు పెట్టాల్సింది కోయాక్స్ మీద. పల్చటి ఆర్‌జీ-58 అయితే 70 సెంటీమీటర్ల బ్యాండులో 15 మీటర్లకే సగం కన్నా ఎక్కువ శక్తిని మింగేస్తుంది.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది

ఎస్‌డబ్ల్యూఆర్ తక్కువగా ఉంటే యాంటెన్నా మంచిదని అనుకోవడం పొరపాటు. తడిసిన చెక్కలో, ఏసీ గొట్టంలో శక్తి వేడిగా మారిపోతున్నా ఎస్‌డబ్ల్యూఆర్ చక్కగానే కనపడుతుంది. సిగ్నల్ ఎక్కడిదాకా పోయిందో ఆ దూరంలో ఉన్న రేడియోలే చెప్పాలి. ఇందుకు డబ్ల్యూఎస్‌పీఆర్ అనే పద్ధతి ఉంది. 1993లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న జో టేలర్ దీన్ని రూపొందించారు. రెండు నిమిషాల పాటు అతి బలహీనమైన సంకేతం పంపితే, ప్రపంచమంతటా దాన్ని పట్టిన స్టేషన్లు ఎంత బలంతో వినిపించిందో ఇంటర్నెట్‌లో నమోదు చేస్తాయి. ఇది హెచ్‌ఎఫ్ డేటా అనుమతి ఉన్న బ్యాండులోనే చేయాలి. టెక్నీషియన్లకు 10 మీటర్లలో 28.0 నుంచి 28.3 మెగాహెర్ట్జ్ మధ్య ఆ వీలుంది.

ఒక వాటుతో వారం రోజులు నడపండి. ఒకే రోజు ఫలితం చూసి తీర్పు చెప్పకండి, అయనోమండలం రోజుకో తీరుగా ఉంటుంది. వారం తర్వాత మ్యాపు తెరిచి ఏ దిక్కున స్టేషన్లు ముసురుకున్నాయో, ఏ దిక్కు ఖాళీగా ఉందో చూడండి. అటు హామ్‌లు దండిగా ఉండి, పొరుగు ఊళ్ల స్టేషన్లకు ఆ దిక్కు పలుకుతూ, మీకు మాత్రమే ఖాళీగా కనపడితే ఇల్లు ఆ వైపు అడ్డుపడుతున్నట్టు. అటు గోడలో వల ఉందేమో, గటరుందేమో, ఏసీ యంత్రం ఉందేమో చూసి తీగను రెండు మూడు మీటర్లు పక్కకు జరిపి, పొడవు మళ్లీ సర్ది, ఇంకో వారం అదే ఒక వాటుతో నడపండి.